కారునకు కళ్లెము

పాలు పొంగబోవునప్పటి సన్నని చప్పుడును, పప్పు అడుగంటునప్పటి వాసనయు, నిద్రలో బిడ్డ యూపిరియందు వచ్చు మార్పును మనము ప్రక్కగదిలో నున్నను పసిగట్టుదుము. ఇల్లు నడుపు స్త్రీకి చెవియు ముక్కును ఇద్దఱు కావలివాండ్రు. అట్టి చెవులు గల మేము, మా కారు రెండు నెలలపాటు కూసిన యొక కూతను వినియు విననట్లుంటిమి. ఆ యుపేక్ష ఒక పసివాని ప్రాణము మీదికి తెచ్చెను. దాని పిమ్మట మేము చేసిన పనిని, అందులో చేసిన పొరపాటుతో గూడ, సోదరీమణులకు విన్నవింపవలెనని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మేమనగా తాడేపల్లిగూడెములో నొకే కప్పు క్రింద కాపురముండు తోడికోడండ్రము, ఇరువురము. మాలో పెద్దామె యీ యింటికి వచ్చి 20 సంవత్సరములైనది. చిన్నామె వచ్చి 9 సంవత్సరములు. పెద్దామె భర్తకు ఉల్లిపాయల మార్కెట్టులో వ్యాపారము. తెల్లవారకమునుపే వెడలి ప్రొద్దుగ్రుంకిన పిమ్మట వత్తురు. చిన్నామె భర్తకు హైదరాబాదులో నుద్యోగము. నెలకు ఒకటి రెండుమారులు వచ్చి పోవుదురు. కావున పిల్లల బడికిని, అత్తగారి వైద్యమునకై ఏలూరికిని, పెండ్లిండ్లకును పేరంటములకును కారు నడుపువారము మేమే. రెండవ ప్రపంచయుద్ధ కాలములో విమానములు దిగుటకని మా యూర వేసిన రన్‌వే యొకటి కలదు. ఆ విశాలమైన నేలమీదనే మే మిరువురమును ఒకరి తరువాత నొకరము స్టీరింగు పట్టుట నేర్చితిమి. గేర్లు మార్చుట, వెనుకకు నడుపుట, ఇరుకు సందున నిలుపుట, అన్నియు నేర్పినారు. చక్రము వెనుక నేమున్నదో యెవరును చూపలేదు, మేమును అడుగలేదు.

మా అత్తగారి పుట్టినిల్లు కొల్లేటి లంకలలో నొక గ్రామము. కృష్ణా గోదావరుల డెల్టాల నడుమ పల్లములో నున్న యీ సరస్సు, బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు మొదలైన యేరులు తెచ్చు నీటిని తనలో నిముడ్చుకొని, ఉప్పుటేటి మార్గమున సముద్రమునకు విడుచును. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఆ నీరు కొల్లేటిని చేరి, చినయెడ్లగాడి యొద్ద ఏలూరు కైకలూరు రోడ్డు మీదుగా పాఱెను, రాకపోకలు నిలిచిపోయెను. నీరు తీసి దారి యిచ్చిన తరువాత మేము బియ్యము, పప్పు, దుప్పట్లు కారులో నింపుకొని అత్తగారి తమ్ముని యింటికి బోయితిమి. పెద్దరోడ్డు దిగి యూరిలోనికి బోవు దారిలో నింకను చీలమండ లోతు బురదనీరున్నది. రాకపోకలలో కారు దానిలో నాలుగైదు మారులు మునిగి తేలినది. ఇంటికి వచ్చి పైనంతయు కడిగి తుడిచితిమి. చక్రముల లోపలికి బోయిన బురద సంగతి మాకు తోచనే లేదు.

సంక్రాంతి నాటికి ముందు ఎడమ చక్రమునుండి కీచుమను సన్నని చప్పుడు మొదలాయెను. పెద్దామె కది వినబడినది. మార్కెట్టు పనిలో నలసి వచ్చిన భర్తతో చెప్పుట కిష్టము లేక యూరకున్నది. చిన్నామె తన భర్తకు ఫోనులో చెప్పినది. “మొన్ననేకదా సర్వీసుకు ఇచ్చాము, వాళ్ళు చూసే ఉంటారు” అని వారనిరి. సర్వీసు చేసినవారు చక్రపు సందులనుండి తొంగిచూచి, ప్యాడ్లు బాగుగనే యున్నవని చెప్పి పంపియుండిరి. మేము కిటికీల యద్దములు మూసి పాటలు పెట్టుకొంటిమి. ఒకరిపై నొకరు పెట్టుకొన్న నమ్మకము ఇంటిచుట్టును తిరిగినదే గాని, ఎవరి చేతను నిలిచి పనిగా మారలేదు.

2025 మార్చిలో, ఫాల్గుణమాసమున, కొల్లేటికోట పెద్దింట్లమ్మవారి జాతరకు బోయితిమి. కారులో మే మిరువురము, అత్తగారు, పిల్లలిద్దఱు. అమ్మవారిని దర్శించుకొని ఆలపాడు వైపునకు మరలి వచ్చుచుంటిమి. ఇరువైపుల చేపలచెఱువులు, నడుమ గట్టువంటి రోడ్డు, ఎండ చల్లబడు వేళ. మా వేగము గంటకు 50 కిలోమీటర్లకు మించలేదు. ఒక మలుపు తిరుగగనే యెదుట బాతులమంద రోడ్డు దాటుచున్నది. ఆ మంద వెనుక, కఱ్ఱ చేతబట్టి, ఎనిమిది తొమ్మిదేండ్ల బాలు డొకడు. పెద్దామె బ్రేకు నొక్కెను. ఇనుముతో ఇనుమును గీచిన చప్పుడు వినబడెను. కారు కుడివైపునకు గుంజుకొనెను. ఆమె స్టీరింగు బిగబట్టి కాలి బలమంతయు పెట్టగా, తుదకు కారు నిలిచెను. ఆ బాలునకును కారునకును నడుమ మిగిలినది మూరెడు దూరము. వాడు మావైపు ఒకమారు చూచి, చెదరిన బాతులను అదలించుకొని గట్టు దిగిపోయెను. వానికేమియు తెలియదు. తెలిసినది మాకు.

చాలసేపు కారులో నెవరును మాటలాడలేదు. అప్పుడు అత్తగారు, “ఏమర్రా! బండి నడపడం నేర్చుకున్నారు, బాగానే ఉంది. ఆపడం ఎవరు నేర్చుకోవాలి?” అనిరి. ఆ మాటలో కోపము లేదు. అందువలననే అది మాకు మఱింత లోతుగా నాటుకొనెను. ఆకివీడు, గణపవరము మీదుగా, గంటకు 30 కిలోమీటర్లు మించకుండ, రాత్రికి ఇల్లు చేరితిమి. నిజమునకు కారు నక్కడనే యుంచి, లాగు బండిని పిలువవలసినది. అదియు మా తప్పులలో చేర్చవలసినదే.

మా వీధి చివర, లారీల మరమ్మతులో 40 సంవత్సరములు గడపిన పెద్ద మేస్త్రిగారు కలరు. మోకాళ్ళ నొప్పులచే ఇప్పుడు పని మానినారు. మఱునాడు వారి యింటికి బోయి, “బాబాయిగారూ, మీరు కుర్చీలో కూర్చుని చెప్పండి, చేతులు మావి” అని యడిగితిమి. డబ్బు మిగుల్చుకొనుట మా యుద్దేశము కాదు. అంత దూరము మమ్ము తెచ్చిన లోపమేదో మా కన్నులతో చూడవలెను. ఇక ముందెవరైన “అంతా బాగుంది” అని చెప్పినప్పుడు, ఏది బాగున్నదని యడుగగల తెలివి మాకు కావలెను. వారు కొంచెమాలోచించి, “చెయ్యండమ్మాయ్. కాని రెండు షరతులు. తొందర పడకూడదు. తెలియనిది తెలియదని చెప్పడానికి సిగ్గు పడకూడదు” అనిరి. రెండవ షరతును నిలుపుకొంటిమి. మొదటిదాని సంగతి ముందు చెప్పెదము.

బ్రేకు పనిచేయు విధము మనము భయపడునంత జటిలమైనది కాదు. ముందు చక్రముతో పాటు ఇనుప పళ్లెమువంటి డిస్కు ఒకటి తిరుగుచుండును. పట్టుకాఱు రెండు దవడలవలె దానికి ఇరువైపుల రెండు ప్యాడ్లుండును. వానిని పట్టియుంచు ఇనుప పిడికిలి పేరు కాలిపర్. మనము పెడలు నొక్కగనే గొట్టములలోని బ్రేకు ఆయిలు పిస్టనును త్రోయును. పిస్టను లోపలివైపు ప్యాడును డిస్కునకు ఒత్తును. ఆ యొత్తిడికి కాలిపర్ తాను రెండు పిన్నులమీద లోనికి జరిగి వెలుపలి ప్యాడును గూడ తెచ్చి ఒత్తును. మూసియున్న ద్రవమున నొకచోట కలిగించిన యొత్తిడి అన్నివైపులకును సమముగా వ్యాపించునని 17వ శతాబ్దమున ఫ్రాన్సు దేశపు పాస్కల్ తెలిపిన సూత్రమే దీనికి మూలము.

ఆ రాపిడి కారు వేగమును వేడిగా మార్చును. ఎంత వేడి? మనుష్యులతో గూడి 1,100 కిలోలు తూగు కారు గంటకు 60 కిలోమీటర్ల వేగమునుండి ఒక్కమారు నిలిచినప్పుడు పుట్టు వేడి, దాదాపు అరలీటరు చన్నీళ్లను మరగించుటకు చాలును. వేగము రెట్టింపైనచో వేడి నాలుగు రెట్లగును. బడికి బోయి వచ్చులోపల నెన్నిమారులు బ్రేకు నొక్కుదుమో లెక్కించుకొన్నచో, ఆ చిన్న ప్యాడ్లు ఎంతటి పొయ్యిమీద కూర్చున్నవో తెలియును. నిలుచునప్పుడు కారు బరువు ముందునకు త్రుళ్లును గావున ముందు బ్రేకులే యెక్కువ భారము మోయును. త్వరగా నరుగునవియు నవియే.

ఏలూరికి బోయి, కారు రకమును తయారైన సంవత్సరమును చూపి, రెండు డిస్కులను రెండు చక్రములకును చాలు ప్యాడ్లను కొంటిమి. వెల 4,000 రూపాయలకు పైబడినది. చెడినది ఎడమవైపున మాత్రమే గదా, కుడివైపున నెందులకని పెద్దామె ముందే యడిగియుండెను. “ఒక కాలికి కొత్త చెప్పు, ఒక కాలికి అరిగిన చెప్పు వేసుకుని పరుగెత్తి చూడమ్మాయ్” అని మేస్త్రిగారు నవ్విరి. రెండు ముందు చక్రములకును సమానమైన పట్టు లేనిచో కారు ఒకవైపునకు లాగును. గట్టుమీద మేము చూచినది దానినే.

ఆదివారము ఉదయము మా పెరటి సిమెంటు నేలమీద పని మొదలిడితిమి. నేల సమముగా నుండవలెను. హ్యాండ్ బ్రేకు వేసి, మొదటి గేరులో నుంచి, వెనుక చక్రములకు ముందును వెనుకను చెక్క దిమ్మలు పెట్టితిమి. ఇటుక చిట్లును గావున పనికిరాదు. కారును జాకీమీద నెత్తకమునుపే చక్రపు నట్లను కొంచెము వదులు చేసికొనవలెను. ఎత్తిన పిమ్మట బలము పెట్టినచో కారు కదలును. ఎత్తిన తరువాత, మేస్త్రిగారు తెప్పించిన ఇనుప స్టాండును కారు గట్టి భాగము క్రింద నిలిపి, బరువును దానిపైకి దింపితిమి. “జాకీ ఎత్తడానికే గాని మోయడానికి కాదు” అని వారు మూడుమారులు చెప్పిరి. ఊడదీసిన చక్రమును గూడ కారు ప్రక్క క్రిందికి త్రోసి యుంచితిమి. స్టాండు తప్పినను చక్రము మోయును. పిల్లలను అరుగు దిగవద్దని కట్టడి చేసితిమి.

ఏ బోల్టు నూడదీయు ముందైనను చిన్నామె ఫోనుతో ఫొటో తీసినది. అల్లిక విప్పుటకు ముందు అల్లిక తీరు గుర్తు పెట్టుకొనవద్దా? కాలిపర్ బోల్టులు విప్పి, దానిని పైకెత్తి, బట్టలారవేయు తీగముక్కతో కట్టి పైన వ్రేలగట్టితిమి. రబ్బరు గొట్టముమీద దాని బరువు పడరాదు. అప్పుడు రెండు ప్యాడ్లను బయటికి తీసి ప్రక్క ప్రక్కన సిమెంటుమీద నుంచితిమి.

మే మొకరి మొగము నొకరము చూచుకొంటిమి. వెలుపలి ప్యాడులో సగమునకు పైగా మందమున్నది. లోపలి ప్యాడులో మందన్నమాట లేదు. వెనుకనున్న ఇనుప రేకే డిస్కును గీచుచున్నది. క్రొత్తదానిలో 10 మిల్లీమీటర్ల వఱకు నుండు ఆ మందు 3 మిల్లీమీటర్లకు దిగిననే మార్చవలసినది. “లోపలిది అరిగింది, బయటిది దాచింది” అని మేస్త్రిగారు పిన్నులను చూపిరి. బురదనీరు చొచ్చి వానిలో నొకటి త్రుప్పుతో బిగిసిపోయినది. కాలిపర్ జరుగలేకపోగా పిస్టను వైపు ప్యాడొకటియే పని చేసి చేసి యరిగిపోయినది. చక్రపు సందులనుండి చూచువానికి కనబడునది వెలుపలి ప్యాడే. రెండు నెలలు మేము విన్న కీచుచప్పుడు సైతము వ్యర్థమైన చప్పుడు కాదట. ప్యాడు అరిగినప్పుడు డిస్కును తాకి కూయుటకై దానికి చిన్న రేకు నొకదానిని తయారుచేయువారే యమర్తురు. మమ్ము పిలుచుటకని యొకరు పెట్టిన గంటను మేము పాటలతో కప్పివేసితిమి!

డిస్కు సంగతి యంతకంటె మేలుగా లేదు. అది యెంత సన్నబడువఱకు వాడవచ్చునో దాని యంచున ముద్రించియుండును. మా డిస్కు కనీస మందము 15 మిల్లీమీటర్లు. మేస్త్రిగారి కొలత పరికరములో 14.3 వచ్చెను. ముఖమున చేతిగోరు చిక్కుకొనునంత లోతు గాట్లు. సన్నబడిన డిస్కు వేడిని మోయలేదు. కదరును, పగులును గూడ. కావున క్రొత్త ప్యాడ్లతో సరిపెట్టుటకు వీలులేదు.

ప్యాడ్లను పట్టియుంచు చట్రపు రెండు బోల్టులను పెద్ద రింగు పానాతో విప్పితిమి. డిస్కు మాత్రము త్రుప్పుతో చక్రపు గుండిమీద నంటుకొని కదలలేదు. సుత్తి యెత్తబోగా మేస్త్రిగారు వలదని, డిస్కుమీద నున్న రెండు మరల రంధ్రములను చూపిరి. వానిలో బోల్టులు పెట్టి అటొక చుట్టు, ఇటొక చుట్టు బిగించగా, డిస్కు టప్పుమని తానే వదలివచ్చెను. అటుపిమ్మట గుండిని వైరు బ్రష్షుతో తళతళలాడునట్లు రుద్దితిమి. అక్కడ త్రుప్పు పొర మిగిలినను క్రొత్త డిస్కు వంకరగా కూర్చుండి, బ్రేకు నొక్కినప్పుడు కాలి క్రింద పెడలు దడదడలాడునట. ముగ్గు వేయుటకు ముందు వాకిలి చిమ్ముటవంటి దిది. ఆ నల్లని ధూళిని నోటితో ఊదరాదు. కొన్ని పాత ప్యాడ్లలో ఆస్బెస్టాసు నార యుండుట కలదు. అది ఊపిరితిత్తులకు హాని. ముక్కుకు గుడ్డ కట్టుకొని తడిగుడ్డతో తుడిచితిమి.

గుండి రుద్దుచుండగా పెద్దామె కూతురు అరుగుమీద గూర్చుండి ఫోనులో బ్రేకుల చరిత్ర చదివి వినిపించినది. మా కది యెంతయో ఉత్సాహమునిచ్చెను. 1888 ఆగస్టులో జర్మనీ దేశమున బెర్తా బెంజ్ అను గృహిణి, భర్త నిర్మించిన మోటారుబండిని ఆయనకు చెప్పకయే తీసికొని, ఇద్దఱు కొడుకులతో మాన్‌హైమునుండి ఫోర్జ్‌హైములోని పుట్టింటికి, 100 కిలోమీటర్లకు పైబడిన దూరము ప్రయాణము చేసెనట. దారిలో పల్లములు దిగునప్పుడు చెక్క బ్రేకుదిమ్మలు అరిగిపోగా, ఆమె యొక చెప్పులు కుట్టువానిచే వానిమీద తోలు కొట్టించెనట. నేటి ప్యాడ్లకు ఆ తోలుముక్కలే తొలిరూపము. అనగా పుట్టింటికి బోవు నొక స్త్రీ మొట్టమొదట గుర్తించిన యవసరమిది. డిస్కు బ్రేకునకు ఇంగ్లండులో లాంచెస్టరు హక్కు పొందినది 1902లో. ఆ సంవత్సరమే మన ఏలూరినుండి “హిందూసుందరి” యను స్త్రీల మాసపత్రిక వెలువడినది. ఆ రెండును ఇన్నాళ్లకు మా పెరటిలో నొకచోట కలిసినవని చిన్నామె నవ్వినది.

క్రొత్త డిస్కుకు త్రుప్పుపట్టకుండ పూసిన నూనెను పూర్తిగ కడిగి, ముఖము చేతితో తాకకుండ తొడిగితిమి. బిగిసిన పిన్నును మార్చి, రెండవదానిని శుభ్రపఱచి, దానికి తగిన సిలికాన్ గ్రీజు పూసితిమి. ప్యాడు మందున కిసుమంతయు గ్రీజు తగులరాదు. క్రొత్త ప్యాడ్లు మందముగా నుండును గావున పిస్టనును సి క్లాంపుతో మెల్లగ వెనుకకు నొక్కవలెను. అప్పుడు పైనున్న డబ్బాలో బ్రేకు ఆయిలు మట్టము పెరుగును. పొంగి పొర్లినచో కారు రంగును తినివేయును. అందుచే శుభ్రమైన సిరంజితో కొంత తీసివేసితిమి. ఈ యాయిలునకు వానకాలపు ఉప్పువలె గాలిలోని చెమ్మను పీల్చుకొను గుణమున్నది. డాట్ 4 రకపు ఆయిలు క్రొత్తగా నున్నప్పుడు 230 డిగ్రీల వఱకైనను మరుగరాదు. చెమ్మ పట్టినపుడు ఆ హద్దు 155 డిగ్రీలకు దిగును. మరిగిన యాయిలులో బుడగలు పుట్టును. బుడగలను నొక్కినచో బ్రేకు పడదు. కొల్లేటి గాలిలో నుండు మనము దీనిని రెండేండ్ల కొకమారైన మార్పించుకొనుట మేలు.

ఎడమ చక్రమునకు మూడు గంటలు పట్టెను. కుడిదానికి గంటలో ముగిసెను. చక్రపు నట్లను వరుసగా గాక ఎదురెదురుగా బిగించితిమి. భోజనమునకు వేళ మించెను. “నేను వచ్చేవరకు బండి కదపకండి” అని చెప్పి మేస్త్రిగారు ఇంటికి బోయిరి. మా సంతోషమునకు మేర లేదు. కారు ఎండలో నున్నది, నీడలోనికి జరిపిన తప్పేమని, చిన్నామె యెక్కి, ఇంజను వేసి, బారెడు దూరము వెనుకకు నడిపి, బ్రేకు నొక్కినది. పెడలు నేలకంటిపోయినది. కారు నిలువలేదు. పెద్దామె “హ్యాండ్ బ్రేకు, హ్యాండ్ బ్రేకు” అని యఱచినది. చిన్నామె దానిని లాగునప్పటికి కారు వెనుకభాగము తులసికోటకు జానెడు దూరమున నిలిచినది. పిల్లలు అరుగుమీదనే యుండుట మా పూర్వపుణ్యము.

కారణము సులభమైనది. వెనుకకు నొక్కిన పిస్టను ప్యాడును మరల చేరువఱకు, పెడలును అనేకమారులు నొక్కి నొక్కి గట్టిపఱచవలెను. ఆ తరువాతనే ఇంజను వేయవలెను. మేము పనుల వరుసను కాగితముమీద వ్రాసికొంటిమి. అందులో నిది చివరి పంక్తి. ఆ పంక్తి వచ్చునప్పటికి పని యైపోయినదని తలచి కాగితమును మడిచి పెట్టితిమి. మేస్త్రిగారు తిరిగి వచ్చి కేకలు వేయలేదు. ఆ కాగితము తెప్పించి, చివరి పంక్తిని ఎఱ్ఱసిరాతో అన్నిటికంటె పైన మరల వ్రాయించిరి. అప్పుడు ప్రతి బోల్టును, కారు పుస్తకములోని బిగింపు కొలత ప్రకారము, టార్కు పానాతో తామే పరీక్షించి, ఆయిలు మట్టమును చూచి, కాఱుట లేదని నిశ్చయపఱచుకొని, అటుపిమ్మట కదలనిచ్చిరి.

మఱునాడు తెల్లవారుజామున, రద్దీ లేని రోడ్డుమీద, గంటకు 50 కిలోమీటర్ల వేగమునుండి 15 వఱకు మెల్లగ తగ్గించుచు, నడుమ చల్లారనిచ్చుచు, పది మారులు బ్రేకు వేసితిమి. క్రొత్త ప్యాడు డిస్కుతో పరిచయము చేసికొనుట కిది యవసరము. మొదటి 300 కిలోమీటర్లు అనవసరముగా గట్టిగ నొక్కకుండ నడిపితిమి. క్రొత్త కోడలిని మొదటి దినముననే నూఱుమంది వంటకు నిలుపముగదా!

సోదరీమణులారా, మీరందఱును పానాలు పట్టవలెనని మేము చెప్పుటలేదు. చెంత నుండి చూపువా రెఱిగినవారు లేనిచో ఈ పనికి పూనుకొనవలదు. గొట్టము కాఱుచున్నను, పెడలు స్పంజివలె మెత్తబడినను, అది యింటి పని కాదు. నేరుగా మంచి మెకానిక్కు నొద్దకు కారును లాగించి పంపవలెను. ఐనను వినుటకును అడుగుటకును మనకు పానాలక్కఱలేదు. బ్రేకు కూసినను, కారు ఒకవైపునకు లాగినను, పెడలు దడదడలాడినను, డబ్బాలో ఆయిలు తగ్గినను ఆ దినముననే పనికి పెట్టుడు. చక్రము విప్పినప్పుడెల్ల “లోపలి ప్యాడు చూపండి” అని యడుగుడు. నీటిలోనుండి కారు వచ్చినపుడు బ్రేకును రెండుమూడు మారులు మెల్లగ నొక్కి ఆరనిండు. బురదలోనుండి వచ్చినచో చక్రములు విప్పించి పిన్నులు చూపించుకొనుడు. మా యింట వంటగది గోడమీద, గ్యాసు తేదీ ప్రక్కన, ఇప్పుడు బ్రేకు తేదీ గూడ వ్రాసియున్నది. దానిని చూచువా రెవరని యడిగినచో జవాబు గలదు: నెల యొకరిది, నెల యొకరిది, మా యిరువురిదే.

మఱుసటి నెలలో అత్తగారిని పుట్టింటికి దిగవిడచుటకు కొల్లేటి దారిని బోయితిమి. చెఱువుగట్టుమీద మరల బాతులమంద యెదురాయెను. ఆ బాలుడు కాడు, ఎవరో ముదుసలి తోలుచున్నాడు. చిన్నామె బ్రేకు నొక్కినది. చప్పుడు లేదు, లాగుట లేదు, మందకు చాల దూరముననే కారు నిలిచెను. బాతులన్నియు దాటువఱకు కిటికీల యద్దములు దించి వినుచు కూర్చుంటిమి. వెనుక సీటులో అత్తగారు తమలపాకు ఈనె తీయుచుండిరి, తలయైన నెత్తలేదు.